సర్వేలో అందరూ ‘వాడతాం’ అన్నారు, యాప్ మాత్రం ఎవరూ తెరవడం లేదు. రైతుల అవసరం తెలుసుకునేది ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ముగ్గురు స్నేహితులు కలిసి గుంటూరు, పల్నాడు జిల్లాల మిర్చి రైతుల కోసం ఒక యాప్ చేశారు. యార్డులో ఏ రకం ఎంత పలుకుతోందో అది రోజూ చూపిస్తుంది. చేసేముందు గూగుల్ ఫామ్ పంపి సర్వే చేస్తే దాదాపు అందరూ ‘ఇలాంటిది ఉంటే తప్పకుండా వాడతాం’ అన్నారు. తీరా విడుదల చేశాక ఇన్‌స్టాల్ అయితే చేసుకున్నారు గానీ, రెండో వారం నుంచి తెరిచేవాళ్లే లేరు. ‘యూజర్ రీసెర్చ్ చేశాం కదా, ఎక్కడ లోపం? మళ్లీ చేయాలంటే ఎవరిని, ఎంతమందిని, ఏం అడగాలి? యాప్ ఆపేయడమే మంచిదా?’ అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు సేకరించింది అభిప్రాయాలు. అవసరం తెలియాలంటే, జరిగిపోయిన ఒక అమ్మకం కథను మొదటి నుంచి చివరిదాకా రైతు చేత చెప్పించుకోవాలి. ‘వాడతారా?’ అనే ప్రశ్న రాబోయే రోజుల గురించి. దానికి ఎవరైనా ఏ జవాబైనా ఇవ్వొచ్చు, పోయేదేమీ లేదు. ‘పోయినసారి కాయ ఎప్పుడు అమ్మారు, ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగింది?’ అని అడిగితే జరిగిందే చెప్పాలి. రైతు ఎక్కడ ఆగాడు, ఎవరికి ఫోన్ చేశాడు, ఎవరి మాట విని సరేనన్నాడు, ఇంటికొచ్చాక దేనికి బాధపడ్డాడు, ఇవన్నీ అందులో బయటికొస్తాయి. మీరు తీర్చగల అవసరం ఏదైనా ఉంటే అక్కడే దొరుకుతుంది. యాప్ సంగతి చివర్లో చెబుతాను.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. వ్యవసాయం, ఆరోగ్యం, చిన్న వ్యాపారాలకు యాప్‌లు చేసే కంపెనీల కోసం ఊళ్లు తిరిగి జనంతో మాట్లాడి, వాళ్ల పని దగ్గరుండి చూసి, ఏం చేయాలో ఏం చేయకూడదో చెప్పడం నా పని. గుంటూరు యార్డు, ఖమ్మం మార్కెట్, వరంగల్ ఎనుమాముల మార్కెట్ నాకు బాగా తెలిసిన చోట్లు. కాబట్టి మీ మిర్చి యాప్ గురించి కాస్త వివరంగానే చెప్పగలను.

అందరూ ‘వాడతాం’ అని ఎందుకన్నారు?

మన ఊళ్లలో ఇంటికొచ్చిన మనిషితో ‘నువ్వు చేసింది నాకు పనికిరాదు’ అని ఎవరూ అనరు. పిల్లలు కష్టపడి చేశారు, బాగుందని ఒక మాట అంటే పోయేదేముంది అనుకుంటారు. ఇది మర్యాద, అబద్ధం కాదు. కానీ మీరు దాన్ని లెక్కల్లో వేసుకుని ఆర్నెల్ల పని మొదలుపెడితే నష్టపోయేది మీరే.

ఈ మర్యాద ఎంత బలమైనదో కొలిచినవాళ్లు కూడా ఉన్నారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకులు, అమెరికా విశ్వవిద్యాలయాలవాళ్లు కలిసి బెంగళూరులో 450 ఇంటర్వ్యూలు చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. రెండు వస్తువులు చూపించి ‘ఏది బాగుంది?’ అని అడిగారు. వాటిలో ఒకటి అడుగుతున్న మనిషే తయారుచేసిందని తెలిస్తే, రెండూ అచ్చంగా ఒకటే అయినప్పుడు కూడా, దాన్నే ఎంచుకునే అవకాశం సుమారు 2.5 రెట్లు పెరిగింది. అడిగేది అనువాదకుణ్ని వెంటబెట్టుకొచ్చిన విదేశీయుడైతే అది 5 రెట్లయింది. మీరు విదేశీయులు కారు గానీ, చేతిలో ల్యాప్‌టాప్‌తో గుంటూరు నుంచో హైదరాబాద్ నుంచో దిగిన ఇంజినీర్లు. ఊళ్లో రైతుకు ఆ దూరం తక్కువేమీ కాదు.

అందుకే నేను ఫీల్డులోకి వెళ్లినప్పుడు యాప్ గురించి మాటే ఎత్తను. ఫోన్ బయటికి తీయను. ‘మిర్చి అమ్మకం ఎలా జరుగుతుందో నేర్చుకోవడానికి వచ్చానండీ’ అంటాను, అది నిజం కూడా. నేర్పించమని అడిగితే మన రైతులు మనస్ఫూర్తిగా నేర్పిస్తారు. అభిప్రాయం చెప్పమంటే మాత్రం మనకు నచ్చేదే చెబుతారు.

ధర తెలియకపోవడమే సమస్యా?

మీ యాప్ మొత్తం ఒక నమ్మకం మీద నిలబడి ఉంది: రైతుకు ధర తెలియదు, తెలిస్తే ఎక్కువకు అమ్ముకుంటాడు. ఇది చాలామంది మంచి మనసుతో నమ్మే మాట. దీని మీద మన దేశంలోనే రెండు గట్టి అధ్యయనాలున్నాయి. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి కేరళది. 1997 నుంచి 2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి మొబైల్ సిగ్నల్ అంచెలంచెలుగా వచ్చింది. అంతకుముందు ఒక రేవులో చేపలు అమ్ముడుపోక పారబోస్తుంటే, కొన్ని కిలోమీటర్ల అవతలి రేవులో కొనేవాళ్లకు చేపలే ఉండేవి కావు. ఫోన్లు వచ్చాక మత్స్యకారులు సముద్రంలో ఉండగానే ఫోన్ చేసి, ఎక్కడ గిరాకీ ఉంటే అక్కడికి పడవ తిప్పారు. 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం వాళ్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, వినియోగదారుడికి ధర 4 శాతం తగ్గింది, పారబోయడం ఆగిపోయింది.

రెండోది మహారాష్ట్రది. రాయిటర్స్ మార్కెట్ లైట్ అని ఒక సేవ ఉండేది. పంటల ధరలు, వాతావరణం, సలహాలు ఎస్ఎంఎస్‌లో పంపేది. 100 గ్రామాల్లో పరీక్షగా కొందరు రైతులకు దాన్ని ఏడాది పాటు ఉచితంగా ఇచ్చి చూశారు. 2012లో ప్రచురించిన ఫలితం: రైతులకు వచ్చిన ధరలో సగటున చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

రెండు చోట్లా అందింది సమాచారమే. తేడా, దానితో ఏం చేయగలరన్న దగ్గరే ఉందని నా అంచనా. కేరళలో పడవ తిప్పే వీలుంది, చేప సాయంత్రానికి పాడైపోతుంది కాబట్టి తిప్పాల్సిన తొందరా ఉంది. కాబట్టి మీరు రైతును అడగాల్సిన మొదటి విషయం: ధర తెలిస్తే ఆయన చేయగలిగింది ఏమిటి? చేయనివ్వకుండా అడ్డుపడేది ఏమిటి?

గుంటూరు యార్డులో నేను చూసినది చెబుతాను. చాలామంది రైతులు నాట్లప్పుడే కమీషన్ ఏజెంటు దగ్గర పెట్టుబడికి డబ్బు తెచ్చుకుంటారు. కాయ వచ్చాక ఆ కొట్టుకే తోలాలి. పక్క కొట్టులో క్వింటాల్‌కు 200 రూపాయలు ఎక్కువని మీ యాప్ చెప్పినా ఆయన కదలలేడు. వచ్చే ఏడు పెట్టుబడి కూడా అక్కడి నుంచే రావాలి మరి. ఆడపిల్ల పెళ్లికో ఆసుపత్రికో అర్ధరాత్రి అడిగినా ఇచ్చింది ఆ ఏజెంటే. ఈ బంధంలో దోపిడీ ఉంది, ఆధారం కూడా ఉంది. బయటి నుంచి వచ్చినవాళ్లకు మొదటిదే కనిపిస్తుంది.

ఇక ధర తెలియదన్న మాట. నిన్న అమ్మి వచ్చిన పక్కింటాయన చెబుతాడు, కొట్టు గుమాస్తా ఫోన్‌లో చెబుతాడు, వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే వస్తుంది. పైగా మీరు చూపించేది రకానికి కనిష్ఠం, గరిష్ఠం. ఒకే రోజు, ఒకే తేజ రకానికి క్వింటాల్‌కు వేల రూపాయల తేడా ఉంటుంది. రైతు మనసులో ఉన్న ప్రశ్న ‘తేజ ఎంత?’ అని కాదు, ‘నా కాయకు ఎంతొస్తుంది?’ అని. అది రంగు మీద, తేమ మీద, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత ఏరారన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ జవాబు మీ యాప్‌లో లేదు. అందుకే రెండు రోజులు చూసి మానేశారు.

రైతుల మాటల్లో నాకు పదేపదే వినిపించిన ప్రశ్నలు వేరు. ఇప్పుడు అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? పెడితే అద్దె, అప్పు మీద వడ్డీ పోను మిగిలేదేమైనా ఉందా? డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది? పట్టీలో, అంటే కొట్టువాళ్లు అమ్మకం లెక్క రాసిచ్చే కాగితంలో, ఈ కోతలన్నీ ఏమిటి?

చివరి ప్రశ్న గురించి ఒక అనుభవం చెప్పాలి. ఒక కంపెనీ అచ్చం మీలాంటి ఆలోచనతోనే నా దగ్గరికి వచ్చింది. నేను రైతులతో మాట్లాడేటప్పుడు ‘పోయినసారి అమ్మిన పట్టీ ఉందా, చూడొచ్చా?’ అని అడిగాను. పాస్‌బుక్ కవరులో మడిచి దాచిన కాగితం బయటికి వచ్చింది. కొన్నిచోట్ల దాన్నే తక్‌పట్టీ అంటారు. చేతిరాత. కాటా, హమాలీ, కమీషన్, పాత బాకీ, వడ్డీ అన్నీ కలగలిసి ఉన్నాయి. ‘ఇందులో ఇదేంటండీ?’ అని ఒక గీత చూపిస్తే ఆయనకూ తెలియదు. మరో ఇంట్లో తండ్రి ఆ పట్టీని ఫొటో తీయించి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుక్కి పంపాడు. కొడుకు లెక్కవేసి ఫోన్‌లో చెప్పాడు. ఇది ఎవరూ అడక్కుండా, ఏ యాప్ లేకుండా వాళ్లంతట వాళ్లు చేసుకుంటున్న పని. నాకైతే ఇంతకంటే మంచి ఆధారం అక్కర్లేదు. జనం ఇప్పటికే ఏదో ఒక తంటాలు పడి చేసుకుంటున్న పని ఉంటే, అక్కడ అవసరం ఉన్నట్టే. ఆ కంపెనీ ధరల పేజీ పక్కన పెట్టి పట్టీ లెక్క చూసే భాగం తయారుచేసింది. సీజన్‌లో జనం తెరిచింది దాన్నే.

ధర సమాచారంతో మొదలై నిలబడినవి లేవా అంటే ఉన్నాయి. 2000లో మధ్యప్రదేశ్ సోయాబీన్ రైతుల కోసం ఐటీసీ మొదలుపెట్టిన ఈ-చౌపాల్ చూడండి. ఊళ్లో కంప్యూటర్ పెట్టి ధర చూపించారు. కానీ అక్కడితో ఆగలేదు. ఆ ధరకు కొనే కేంద్రం పెట్టారు, ఎలక్ట్రానిక్ కాటా పెట్టారు, డబ్బు వెంటనే ఇచ్చారు. ధర తెలుసుకున్న రైతుకు వెళ్లడానికి మరో చోటు ఉంది. మీ ముగ్గురూ కొనుగోలు కేంద్రం పెట్టలేరు, నిజమే. అయితే మీ చేతిలో ఉన్నదానితో రైతు చేయగలిగే పని ఏమిటో వెతకాలి.

ఎలా అడగాలి?

ప్రశ్నల పట్టిక పొడవుగా వద్దు. ఒక్క సంఘటన పట్టుకుని లోపలికి వెళ్లండి. నేను వాడే ప్రశ్నలు దాదాపు ఇలా ఉంటాయి: ‘పోయినసారి ఎప్పుడు తోలారు? ఎన్ని టిక్కీలు (బస్తాలు)?’ ‘ఆ రోజే ఎందుకు తోలారు, వారం ముందో వెనకో ఎందుకు కాదు?’ ‘బయల్దేరేముందు ఎవరితో మాట్లాడారు?’ ‘యార్డులో దించాక ఏం జరిగింది?’ ‘ఎంతకు పోతుందనుకున్నారు, ఎంతకు పోయింది?’ ‘డబ్బు ఎప్పుడు, ఎలా వచ్చింది? ముందు దేనికి ఖర్చయింది?’

‘ఎందుకు’ అని ఎక్కువసార్లు అడక్కండి. అది నిలదీసినట్టు ఉంటుంది, మనిషి సంజాయిషీ చెప్పడం మొదలుపెడతాడు. ‘ఆ తర్వాత?’ అంటే చాలు. జవాబు అయిపోయిందనిపించినా కాసేపు ఆగండి. కుర్రవాళ్లు ఆ నిశ్శబ్దం భరించలేక తర్వాతి ప్రశ్నకు దూకేస్తారు. అసలు విషయం చాలాసార్లు ఆ ఆగిన తర్వాతే వస్తుంది: ‘నిజానికి ఆ రోజు అమ్మాలని లేదండీ, బ్యాంకు నోటీసు వచ్చింది...’

వస్తువులు చూపించమనండి. పట్టీ, కోల్డ్ స్టోరేజీ రసీదు, పురుగుమందుల షాపు బిల్లు, లెక్కలు రాసుకున్న డైరీ, ఫోన్‌లో ఎక్కువగా తెరిచే యాప్‌లు. జ్ఞాపకం తప్పుతుంది, కాగితం తప్పదు. ఫోన్ చూపించమన్నప్పుడు మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉండనివ్వండి, మీరు తీసుకోకండి.

ఎక్కడ మాట్లాడతారన్నది కూడా ముఖ్యమే. రచ్చబండ దగ్గర నలుగురి మధ్య అడిగితే పెద్దరైతు జవాబే అందరి జవాబవుతుంది. అప్పు గురించి అక్కడ ఎవరూ నోరు విప్పరు. కల్లంలో కాయ ఆరబోసే చోట, సాయంత్రం ఎరువుల షాపు ముందు, యార్డులో రాత్రి లారీ దిగి తెల్లారేదాకా ఎదురుచూసే వేళ ఒక్కొక్కరితో మాట్లాడండి. యార్డులో ఆ ఎదురుచూపు సమయం బంగారం. మనిషి ఖాళీగా ఉంటాడు, విషయమంతా కళ్లముందే ఉంటుంది.

ఎవరిని అడగాలి?

మీ గూగుల్ ఫామ్ నింపింది ఎవరో ఒకసారి చూడండి. వాట్సాప్‌లో లింకు పంపితే నింపేవాళ్లు ఎక్కువగా డిగ్రీ చదివే కొడుకులు, ఊళ్లో చురుగ్గా ఉండే నలుగురు కుర్రాళ్లు. వాళ్లు రైతు కుటుంబాలవాళ్లే, కానీ కాయ ఎప్పుడు తోలాలో నిర్ణయించేది వాళ్లు కారు.

కౌలు రైతుల దగ్గరికి తప్పకుండా వెళ్లండి. సొంత పొలం ఉన్నవాళ్లతో పోలిస్తే వాళ్ల పరిస్థితి పూర్తిగా వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంటసాగు హక్కు పత్రం 11 నెలలకే, దానికి భూమి యజమాని సంతకం కావాలి. చాలామంది యజమానులు భయపడి ఇవ్వరు. ఆ పత్రం లేకపోతే బ్యాంకు అప్పు దొరకడం కష్టం, అందుకే ప్రైవేటు అప్పు, అందుకే ఏజెంటు కొట్టు. మీ యాప్ మొదటి స్క్రీన్‌లోనే సర్వే నంబర్, పట్టాదారు పేరు అడుగుతుంటే ఆయన అక్కడే మూసేస్తాడు. తన పేరు ఎక్కడో నమోదై యజమానితో గొడవ అవుతుందేమోనన్న టెన్షన్ ఆయనది.

ఆడవాళ్లను వదలకండి. కాయ కోసేది, తాలు ఏరేది ఎక్కువగా వాళ్లే. ఈ ఏడు తాలు ఎంత పోయిందో, కోత కూలి ఎంతైందో ఇంటాయన కంటే ఆమెకే కచ్చితంగా తెలుసు. మగవాళ్లు వెళ్లి అడిగితే ఆమె భర్త వైపు చూస్తుంది. మీ బృందంలో ఒక మహిళ లేకపోతే ఊళ్లో డ్వాక్రా సంఘంలో చురుగ్గా ఉన్నవారెవరినైనా తోడు తీసుకెళ్లండి, వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి.

రైతులతో పాటు కమీషన్ ఏజెంటు, గుమాస్తా, హమాలీ, కోల్డ్ స్టోరేజీ మేనేజరు, ఎరువుల షాపాయన, వీళ్లందరితో కనీసం ఒక్కసారైనా మాట్లాడాలి. రైతు నిర్ణయం వీళ్ల మధ్య జరుగుతుంది. ఏజెంటును శత్రువుగా చూసే యాప్ చాలాసార్లు రైతునే ఇరకాటంలో పెడుతుంది.

ఇదే విషయం మిర్చితో సంబంధం లేని ఒక ఉదాహరణతో చెబుతాను. ఖమ్మం వైపు కిరాణా కొట్లలో ఉద్దెర ఖాతాను ఫోన్‌లోకి మార్చే యాప్‌కు నేను పనిచేశాను. బాకీ ఉన్నవాళ్లకు వారానికోసారి ఎస్ఎంఎస్ వెళ్లడం దాంట్లో పెద్ద ఆకర్షణ అని తయారుచేసినవాళ్లు అనుకున్నారు. కొట్టు యజమానులు ఆ ఆప్షన్ ఆపేస్తూ వచ్చారు. కారణం కొట్టులో కూర్చుని చూస్తే గానీ తెలియలేదు. సరుకు తీసుకెళ్లేది ఇల్లాలు, నంబరు భర్తది. మెసేజ్ చూసి ఇంట్లో గొడవ, మర్నాటి నుంచి ఆమె పక్క కొట్టుకు పోతుంది. కొట్టాయన ఎప్పుడూ ఆమె ఒంటరిగా వచ్చినప్పుడు మెల్లిగా గుర్తుచేసేవాడు. ఆయనకు కావాల్సింది ఎవరి బాకీ ఎంత పాతదో తనకు మాత్రమే కనపడే జాబితా. ఈ సంగతి ఏ సర్వేలోనూ రాదు, ఎందుకంటే అడగాలని ఎవరికీ తోచదు.

2019లో పేటీఎం తెచ్చిన సౌండ్‌బాక్స్ ఎందుకు అంత త్వరగా పాకిందో కూడా ఇలాంటి చోటే అర్థమవుతుంది. టీ కొట్టాయన రెండు చేతులూ పనిలో ఉంటాయి, ఎదురుగా పదిమంది ఉంటారు, ఎవరు నిజంగా కట్టారో ఎవరు పాత స్క్రీన్‌షాట్ చూపించారో ఫోన్ తీసి చూసే తీరిక లేదు. డబ్బు పడిందని పైకి వినిపిస్తే ఆ బెంగ పోతుంది.

ఎంతమందిని?

‘అయిదుగురు చాలు’ అన్న మాట మీరు వినే ఉంటారు. అది యాప్‌లు, వెబ్‌సైట్లు వాడటం ఎంత తేలికో పరీక్షించే నిపుణుడు జేకబ్ నీల్సన్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క. ఒక్కో మనిషి పరీక్షలో సుమారు 31 శాతం లోపాలు బయటపడతాయని, అయిదుగురితో 85 శాతం దాకా తెలిసిపోతాయని. కానీ అది తయారైన స్క్రీన్ వాడటంలో ఉన్న లోపాల గురించి, ఒకే రకం మనుషుల గురించి. అవసరం తెలుసుకోవడానికి ఆ సంఖ్య పట్టుకుని కూర్చోకండి. సొంత పొలం రైతు, కౌలు రైతు, కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాళ్లు, వెంటనే అమ్మేవాళ్లు, ఇలా ఒక్కో రకంలో కొందరితో మాట్లాడుతూ పోండి. తర్వాతి మనిషి ఏం చెబుతాడో మీకు ముందే తెలిసిపోతున్నప్పుడు ఆ రకం వరకు ఆపొచ్చు. ఆశ్చర్యపోతున్నంత కాలం కొనసాగించాలి.

సర్వే తప్పని నేను అనడం లేదు. దానికి వేళ ఉంది. ‘పట్టీ అర్థం కాక ఎవరి చేతనైనా లెక్క వేయించుకునేవాళ్లు ఎంతమంది?’ లాంటి ప్రశ్న పుట్టాక, దాన్ని లెక్కించడానికి సర్వే బాగా పనికొస్తుంది. ఏం లెక్కించాలో తెలియకముందు చేస్తే మీ ఊహలే మీకు తిరిగొస్తాయి.

జాగ్రత్తలు కొన్ని

మిమ్మల్ని ఎవరనుకుంటున్నారో కనిపెట్టండి. ‘లోన్ ఏమైనా ఇప్పిస్తారా బాబూ?’ అంటే మిమ్మల్ని బ్యాంకువాళ్లనుకున్నారని అర్థం, ఇక అప్పులు తక్కువ చేసి చెబుతారు. ప్రభుత్వం తరఫున వచ్చారనుకుంటే నష్టం పెంచి చెబుతారు, పథకం వస్తుందేమోనని. రెండిట్లోనూ వాళ్ల తప్పు లేదు. మొదట్లోనే మీరెవరో, ఎందుకు వచ్చారో, ఏం ఇవ్వలేరో స్పష్టంగా చెప్పేయండి. లేని ఆశ పెట్టకండి. మీరు వెళ్లిపోయాక ఆ ఊళ్లో మిమ్మల్ని తీసుకెళ్లిన మనిషి మాట పడాల్సి వస్తుంది.

రికార్డింగుకు ముందే అనుమతి అడగండి. వద్దంటే చేతితో రాసుకోండి. అప్పు వివరాల పక్కన పేరు, ఫోన్ నంబర్ రాయకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం సంగతి సరే, అది లేకపోయినా ఒక మనిషి బాకీల చిట్టా మీ ల్యాప్‌టాప్‌లో పేరుతో సహా పడి ఉండటం న్యాయం కాదు. రోజు కూలి పోగొట్టుకుని మీతో కూర్చున్నవారికి ఆ కూలి ఇవ్వండి.

కొలతలు వాళ్ల నోటి నుంచి వచ్చినట్టే రాసుకోండి. పల్నాడులో సెంట్లు, నది దాటి నల్గొండ వైపు గుంటలు. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. ఫారంలో హెక్టార్లు పెడితే ఏదో ఒక అంకె వేసేస్తారు, ఆ అంకెను నమ్మి మీరు గ్రాఫులు గీస్తారు.

ఇద్దరు కలిసి వెళ్లండి, ఒకరు మాట్లాడితే ఒకరు రాసుకోవాలి. అదే రాత్రి కూర్చుని మూడు రకాలుగా విడదీయండి: విన్నది, కళ్లారా చూసింది, మనం ఊహించింది. వారం ఆగితే మూడూ కలిసిపోతాయి. కోడ్ రాసే స్నేహితుణ్ని కూడా వంతులవారీగా తీసుకెళ్లండి. రైతు పట్టీ ముందు పెట్టుకుని తడబడటం స్వయంగా చూసిన ఇంజినీరుకు తర్వాత రిపోర్టు చదివి వినిపించాల్సిన పని ఉండదు.

యాప్ ఆపేయాలా?

ఇప్పుడే వద్దు. కానీ కొత్తగా ఏమీ చేర్చకండి. మీ దగ్గర ఒక విలువైన జాబితా ఉంది: ఎవరు ఒక్కసారే తెరిచారు, ఎవరు ఇంకా తెరుస్తున్నారు. రెండో రకం కొద్దిమందే ఉండొచ్చు, ముందు వాళ్లకు ఫోన్ చేయండి. రైతులే కాకపోవచ్చు. ఏ గుమాస్తానో, ఊళ్లో కాయ కొని యార్డుకు తోలే చిన్న వ్యాపారో అయి ఉండొచ్చు. వాళ్లు దేనికి వాడుతున్నారో విన్నాక మీ యాప్ ఎవరికోసమో మీకే తెలుస్తుంది.

కెన్యాలో ఫోన్‌తో డబ్బు పంపుకునే ఎం-పెసా సేవ ఇలాగే దారి మార్చుకుంది. 2005లో పరీక్షగా మొదలైనప్పుడు అది చిన్న రుణాలు తీసుకున్నవాళ్లు ఫోన్ ద్వారా వాయిదాలు కట్టడానికి. కానీ జనం ఒకరికొకరు డబ్బు పంపుకోవడం మొదలుపెట్టారు, దొంగల భయంతో ప్రయాణానికి ముందు డబ్బు అందులో వేసి అవతలి ఊళ్లో తీసుకున్నారు. దాన్ని గమనించినవాళ్లు రుణాల సంగతి పక్కన పెట్టి, 2007లో ఇంటికి డబ్బు పంపే సేవగా దేశమంతా విడుదల చేశారు.

ఫీల్డులో ఒక అవసరం దొరికిందనుకోండి, ఉదాహరణకు పట్టీ లెక్కే అనుకుందాం. వెంటనే కోడ్ రాయకండి. ఒక్క ఊళ్లో కొద్దిమందికి మీ వాట్సాప్ నంబరు ఇచ్చి, ‘పట్టీ ఫొటో పంపండి, ఏ గీత దేనికో మేం రాసి పంపుతాం’ అని చెప్పండి. జవాబు మీరే చేత్తో రాసి పంపండి. మొదటిసారి పంపడం లెక్కలోకి రాదు, అది మళ్లీ మర్యాదే కావచ్చు. మీరు గుర్తుచేయకుండా రెండో అమ్మకం పట్టీ వచ్చిందా? మీరు నంబరు ఇవ్వని మనిషి నుంచి వచ్చిందా? పట్టీలో తేడా ఉందని తెలిశాక రైతు కొట్టుకు వెళ్లి అడిగాడా, అడిగితే ఏమైంది? ఈ మూడింటికి జవాబు దొరికేదాకా డిజైన్ మొదలుపెట్టొద్దనే నేను చెబుతాను. చివరిదానికి జవాబు ‘అడగలేకపోయాడు’ అయితే, ధర తెలియడం లాగే లెక్క తెలియడం కూడా పనికిరాకుండా మిగిలిపోతుంది. అప్పుడు మళ్లీ యార్డుకు వెళ్లాలి.

కాలం కూడా చూసుకోండి. అమ్మకాల గురించి మాట్లాడాలంటే యార్డు కిటకిటలాడే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వెళ్లండి. పెట్టుబడి, అప్పుల గురించి అయితే నాట్ల ముందు, జులై ఆగస్టుల్లో. ఒక్క సీజన్ చూసి మొత్తం తెలిసిందనుకోకుండా ఈ రెండు వేళలూ పెట్టుకోండి, మధ్యలో అప్పటికే కలిసినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతూ ఉండండి. మీ ప్రశ్నల పట్టిక రాసుకున్నాక ఇక్కడ పెడితే చూసి, ఏవి తీసేయాలో చెబుతాను.